పడమటి కిటికీకి ఒకటి, వంటింటికి ఇంకొకటి: ఇంటికి కర్టెన్లు, బ్లైండ్లు ఎంచుకునే పద్ధతి

విజయవాడలో మూడో అంతస్తు ఫ్లాట్‌లోకి మేం దిగింది ఫిబ్రవరిలో. గృహప్రవేశం హడావుడిలో ఒకే దుకాణంలో, ఒకే తానులోంచి ఎనిమిది కిటికీలకూ కర్టెన్లు కుట్టించేశాం. మెరూన్ రంగు పాలిస్టరు, దాని మీద బంగారు పువ్వులు. చూసినవాళ్ళంతా బాగున్నాయన్నారు. ఏప్రిల్ వచ్చేసరికి పడమటి పడకగదిలో సాయంత్రం అయిదింటికి కర్టెన్ ముట్టుకుంటే అప్పుడే ఇస్త్రీ చేసిన బట్టలా కాలేది. ఉత్తరపు గదిలో పట్టపగలే లైటు వేసుకోవాల్సి వచ్చేది. వంటింటి కర్టెన్ సంగతి చెప్పక్కర్లేదు, ఉగాది నాటికే జిడ్డు పట్టి బరువెక్కింది.

అప్పటికి తెలిసొచ్చింది, కర్టెన్లు ఇంటి మొత్తానికి కలిపి కొనేవి కావని. ఒక్కో కిటికీ కష్టం ఒక్కోలా ఉంటుంది. ఆ కష్టమేమిటో ముందు కనుక్కుంటే బట్ట, రంగు, రాడ్డు అన్నీ వాటంతటవే తేలిపోతాయి. ఆ తర్వాత మా ఇంట్లో, చుట్టాల ఇళ్ళలో చేసి చూసిన క్రమం ఇది.

1. కొనడానికి ముందు ఒక రోజు కిటికీలను చూడండి

ఆదివారం ఒక కాగితం తీసుకుని కిటికీకి ఒక వరుస చొప్పున రాయండి. ఎండ ఏ వేళకు వస్తోంది, ఎప్పుడు పోతోంది? గాలి వస్తుందా? ఎదురు ఫ్లాట్ వాళ్ళకు లోపల ఏం కనిపిస్తుంది? రెక్కలు లోపలికి తెరుచుకుంటాయా, బయటికా, పక్కకు జరుగుతాయా? కిటికీ కింద ఏముంది: మంచమా, సోఫానా, గ్యాస్ పొయ్యా? ఈ చివరి రెండు ప్రశ్నలూ ఎవరూ రాసుకోరు. తీరా బ్లైండ్ బిగించాక కిటికీ రెక్క దానికి తగిలి తెరుచుకోదు.

ఎండ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్ళు చాలామంది ఇక్కడే పొరబడతారు. దక్షిణం కిటికీకి ఎండాకాలంలో ఎండ ఎక్కువని అనుకుంటాం. మన అక్షాంశాల్లో అది నిజం కాదు. హైదరాబాదులో మే 9 దరిదాపుల్లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, మళ్ళీ ఆగస్టు 3 దరిదాపుల్లో అలాగే వస్తాడు. ఈ రెండు తేదీల మధ్య మధ్యాహ్నపు సూర్యుడు కాస్త ఉత్తరానికే ఒరిగి ఉంటాడు. కాబట్టి రోహిణి కార్తె ఎండల్లో దక్షిణం కిటికీ మీద నేరుగా ఎండ దాదాపు పడదు. అక్కడ ఎండ పడేది చలికాలంలో, అప్పుడు అది హాయిగానే ఉంటుంది. ఆ కిటికీకి పలుచటి బట్ట చాలు.

అసలు శత్రువు పడమటి కిటికీ. మే నెలలో సాయంత్రం నాలుగు దాటాక సూర్యుడు బాగా కిందికి వాలి ఉంటాడు. రెండడుగుల సజ్జ ఉన్నా అది కిటికీ పైభాగంలో అడుగు, అడుగున్నర మేర మాత్రమే నీడ ఇస్తుంది. మిగతాదంతా గదిలోకే వస్తుంది. పైగా జూన్‌లో పొద్దు గుంకేది సరిగ్గా పడమరన కాదు, అక్కడికి పాతిక డిగ్రీల దాకా ఉత్తరంగా. అందుకే వాయవ్యం మూల గది సాయంత్రానికి పొయ్యిలా ఉంటుంది. తూర్పు కిటికీకీ ఇంతే ఎండ పడుతుంది, కానీ పొద్దున పూట గోడలు ఇంకా చల్లగా ఉంటాయి కాబట్టి ఓర్చుకోగలం.

2. ఎండని కిటికీ బయటే ఆపండి

ఎండ ఒకసారి గాజు దాటి లోపలికి వచ్చిందంటే ఆ వేడి మీ గదిదే. లోపల ఎంత మందం కర్టెన్ వేసినా, ఆ కర్టెన్ వేడెక్కి ఆ వేడిని గదికే వదులుతుంది. నా మెరూన్ కర్టెన్లు చేసింది అదే. అదే నీడ గాజుకు బయట పడితే వేడి బయటే ఉండిపోతుంది. మన పెద్దవాళ్ళు వసారాకి తడికలు కట్టింది ఊరికే కాదు.

పడమటి బాల్కనీకి, సజ్జ కింద చోటున్న కిటికీకి వెదురు చిక్ ఇప్పటికీ మంచి మార్గం. తాడు లాగితే పైకి చుట్టుకుంటుంది, గాలి కొంత వస్తుంది, బయటివాళ్ళకు లోపల కనిపించదు. వానకు తడిసే చోటైతే వెదురు నల్లబడి బూజు పడుతుంది కాబట్టి వార్నిష్ వేసింది తీసుకోవాలి, లేదా పీవీసీ చిక్‌తో సరిపెట్టుకోవాలి. అపార్టుమెంట్లలో బయటి వైపు ఏది కట్టాలన్నా ముందు సంఘాన్ని అడగడం మేలు. తీర ప్రాంతం వాళ్ళకు ఇంకొక మాట: తుపాను హెచ్చరిక రాగానే చిక్‌లు చుట్టి కట్టడం కాదు, దించి లోపల పెట్టండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ చూసిన విశాఖవాళ్ళకు దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు.

వట్టివేళ్ళ తడికల గురించి చాలామంది అడుగుతారు. నీళ్ళు చల్లితే ఆ నీరు ఆవిరవుతూ లోపలికొచ్చే గాలిని చల్లబరుస్తుంది. అయితే గాలి పొడిగా ఉన్నప్పుడే నీరు చురుగ్గా ఆవిరవుతుంది. నిజామాబాదు, అనంతపురం, కర్నూలు లాంటి చోట్ల మే నెల మధ్యాహ్నాల్లో ఈ తడిక అద్భుతంగా పనిచేస్తుంది. కాకినాడలో, విశాఖలో ఉక్కపోత రోజున అదే తడికకు నీళ్ళు చల్లితే మిగిలేది సువాసన, ఇంకాస్త ఉక్క. కింది ఫ్లాట్ బాల్కనీలోకి నీళ్ళు కారకుండా అడుగున ఒక ట్రే పెట్టండి. ఎండాకాలం అయిపోగానే బాగా ఆరబెట్టి దాచకపోతే బూజు పట్టి మరుసటి ఏడాదికి పనికిరాదు.

బయట ఏదీ కట్టడానికి వీల్లేని కిటికీకి, అంటే ఎత్తైన టవర్లలో ఉండేవాళ్ళకు, లోపల వేసే కర్టెన్ వెనక వైపు తెల్లగా ఉండాలి. గాజు వైపు తెల్లటి అస్తరు ఉంటే ఎండలో కొంత భాగం వచ్చిన దారినే వెనక్కి పోతుంది. మెరూన్, నేవీ బ్లూ కావాలంటే గది వైపు పెట్టుకోండి. గాజుకు ఆనించకుండా, పైనా పక్కలా గోడ మీదికి కాస్త పాకేలా వేస్తే ఏసీ గదిలో తేడా తెలుస్తుంది.

3. దోమల జాలి లెక్క ముందే తేల్చండి

కర్టెన్ దోమల్ని ఆపదు. జాలి తప్పదు. ఆ జాలి ఎక్కడ వస్తుందో తేలకుండా బ్లైండ్ కొలతలు ఇవ్వొద్దు. యూపీవీసీ జారుడు కిటికీలకు జాలి రెక్క అందులోనే వస్తుంది, ఇబ్బంది లేదు. పాత చెక్క కిటికీలకు లోపలి వైపు వెల్క్రో జాలి అంటిస్తారు. దానికీ కర్టెన్‌కీ మధ్య చెయ్యి దూరేంత జాగా లేకపోతే రోజూ సాయంత్రం కిటికీ మూయడం ఒక యుద్ధమే.

4. గది గదికీ వేరే లెక్క

*పడకగది.* ఇక్కడ చీకటి కావాలి. రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకునేవాళ్ళున్నా, పసిపిల్లలున్నా బ్లాకౌట్ అస్తరు వేయించండి. దుకాణంలో "బ్లాకౌట్" అని చెప్పే బట్టలన్నీ బ్లాకౌట్లు కావు. ఫోన్‌లో టార్చి వేసి బట్ట వెనక పెట్టి చూడండి. వెలుగు చుక్క కనిపిస్తే అది డిమ్ అవుట్. అది కూడా చెడ్డదేం కాదు, ధర మాత్రం దానికి తగ్గట్టే ఉండాలి.

*హాలు.* రెండు వరసలు మంచివి: గాజు వైపు పలుచటి తెల్ల షీర్, గది వైపు మందం కర్టెన్. షీర్ విషయంలో చాలామందికి తట్టని సంగతి ఒకటుంది. పగలు బయట వెలుతురు ఎక్కువ కాబట్టి మనకు బయట కనిపిస్తుంది, బయటివాళ్ళకు మనం కనిపించం. రాత్రి లైటు వేయగానే ఇది తిరగబడుతుంది. మనం భోంచేస్తున్నది వీధికంతా సినిమాలా కనిపిస్తుంది. కిటికీ గాజుకు అంటించే అద్దం లాంటి ఫిల్మ్ కూడా ఇంతే. కాబట్టి షీర్ ఒక్కటే వేసి ఊరుకోకండి. మేం ఇది కనిపెట్టలేదు. ఎదురింటి పిన్నిగారే ఒకరోజు మెల్లిగా, "రాత్రుళ్ళు టీవీలో మీరు పెట్టుకునే సీరియలే మేమూ చూసేస్తున్నామమ్మా" అన్నారు.

*వంటిల్లు.* పొయ్యికి దగ్గరున్న కిటికీకి బట్ట వద్దే వద్దు. గాలికి ఎగిరి మంట మీద పడే ప్రమాదం ఒకటైతే, పాలిస్టరు అంటుకుంటే కరిగి చర్మానికి అతుక్కుపోతుంది. తుడిస్తే పోయే అల్యూమినియం వెనీషియన్ బ్లైండ్ ఇక్కడ తగినది. దాని పలకల మధ్య జిడ్డు తుడవడం ఓపిక పని, అది ముందే ఒప్పుకుంటున్నాను. సింకు పైన ఉన్న కిటికీకైతే కింది సగానికే చిన్న నూలు కర్టెన్ వేసుకోవచ్చు. నరసాపురం లేసు అల్లిక ముక్కలు అలాంటి చోట ముద్దుగా ఉంటాయి. వెలుతురూ వస్తుంది, మరుగూ దొరుకుతుంది.

*పూజగది, స్నానాలగది.* దీపం వెలిగే చోట వేలాడే బట్ట పెట్టకండి. స్నానాలగది కిటికీకి గరుకు గాజు ఫిల్మ్ చాలు.

5. బట్ట ఎంపిక

నూలు గాలి ఆడనిస్తుంది, చూడ్డానికి హుందాగా ఉంటుంది, కానీ ముడతలు పడుతుంది, తొలి ఉతుకుకి కుంచించుకుపోతుంది. పాలిస్టరు ముడత పడదు, త్వరగా ఆరుతుంది, ఎండకు నూలు కన్నా ఎక్కువ కాలం నిలుస్తుంది, కానీ ఉక్కపోత ఊళ్ళలో గాలిని అడ్డుకుంటుంది. రెండూ కలిపి నేసిన బట్ట మధ్యేమార్గం. వెల్వెట్ గురించి నా అభిప్రాయం అడిగితే, రోడ్డు పక్క ఇంటికి అది దుమ్ము దాచుకునే సంచి.

మన చేనేతలో కర్టెన్లకు పనికొచ్చేవి చాలా ఉన్నాయి. కొయ్యలగూడెం ఇక్కత్ బట్ట దళసరిగా ఉంటుంది, హాలుకి బాగుంటుంది. మంగళగిరి నూలు తేలికగా ఊగుతుంది కాబట్టి గాలి వచ్చే తూర్పు కిటికీకి తగుతుంది. పెడన కలంకారీ అంటే నాకు ప్రాణం, అయినా పడమటి కిటికీకి మాత్రం వేయను. సహజ రంగులు నేరుగా ఎండ తగిలితే వెలిసిపోతాయి. అస్తరు వేసైనా వాడాలి, లేదా గదుల మధ్య గుమ్మానికి వేసుకోవాలి.

తానుల్లో కొనాలంటే విజయవాడ వస్త్రలత, రాజమండ్రి తాడితోట, సికింద్రాబాద్ జనరల్ బజార్ లాంటి చోట్ల ఎంపిక ఎక్కువ. ఎక్కడ కొన్నా అరమీటరు ముక్క ఇంటికి తెచ్చి, ఆ కిటికీకే పట్టుకుని పొద్దున ఒకసారి, రాత్రి లైటు కింద ఒకసారి చూడండి. దుకాణంలో తెల్ల లైట్ల కింద గోధుమరంగుగా కనిపించింది మా ఇంట్లో ఆవపిండి రంగై కూర్చుంది.

6. కొలతలు, బట్ట లెక్క

స్టీలు టేపు వాడండి, దర్జీ టేపు సాగుతుంది. అంగుళాల్లో మొదలుపెడితే అన్నీ అంగుళాల్లోనే రాయండి. మా బంధువుల ఇంట్లో కొన్ని సెంటీమీటర్లలో, కొన్ని అంగుళాల్లో రాసిచ్చిన కాగితం వల్ల ఒక కిటికీకి జేబురుమాలు లాంటి కర్టెన్ వచ్చింది.

కిటికీ వెడల్పు 5 అడుగులు, ఎత్తు 4 అడుగులు అనుకుందాం. రాడ్డు రెండు పక్కలా 6 అంగుళాలు ఎక్కువ ఉండాలి. అప్పుడే కర్టెన్ తీసినప్పుడు గోడ మీదికి జరిగి గాజంతా ఖాళీ అవుతుంది. కాబట్టి రాడ్డు 72 అంగుళాలు. కుచ్చులు నిండుగా ఉండాలంటే బట్ట వెడల్పు రాడ్డుకు రెండింతలు కావాలి: 144 అంగుళాలు. ప్లీట్లు పెట్టే కర్టెన్‌కైతే రెండున్నర రెట్లు. బట్ట పన్నా, అంటే తాను వెడల్పు, 48 అంగుళాలైతే మూడు ముక్కలు పడతాయి, అంటే ఇటు ఒకటిన్నర, అటు ఒకటిన్నర. రెండే ముక్కలతో సరిపెడితే మూసినప్పుడు కర్టెన్ దుప్పటి ఆరేసినట్టు చదునుగా ఉంటుంది. ఎక్కువమంది చేసే తప్పు ఇదే.

ఇక పొడవు. రాడ్డు కిటికీ చట్రానికి 6 అంగుళాల పైన, కర్టెన్ అంచు చట్రానికి 6 అంగుళాల కింద. మొత్తం 60 అంగుళాలు, అంటే 5 అడుగులు. రెడీమేడ్ కిటికీ కర్టెన్లు 5 అడుగుల్లో, గుమ్మాలవి 7 అడుగుల్లో, బాల్కనీ తలుపులవి 9 అడుగుల్లో దొరికేది ఇలాంటి లెక్కల వల్లే. పై మడత, కింది మడత కోసం ఇంకొక 12 అంగుళాలు కలిపితే ఒక్కో ముక్క 72 అంగుళాలు. మూడు ముక్కలకు 216 అంగుళాలు, అంటే 18 అడుగులు, అంటే అయిదున్నర మీటర్లు.

ఆ అయిదున్నర మీటర్లు మీకు బాగా తెలిసిన కొలతే. ఒక చీర పొడవు. ఒక చీర సరిగ్గా ఒక కిటికీ. మూడు ముక్కలు చేస్తే చీర అంచులు కర్టెన్ పక్కల వెంట నిలువుగా వస్తాయి, మూడో ముక్కలో పైట చెంగు వస్తుంది. చెంగు ముక్కను గోడ మూల వైపు వేయాలా, కనిపించేలా వేయాలా అన్నది మీ ఇష్టం. సగానికి చింపితే తొమ్మిదేసి అడుగుల రెండు ముక్కలు, మడతలు పోను ఎనిమిదడుగులు: మామూలు గుమ్మానికి సరి. పన్నా 45 అంగుళాల వరకే ఉంటుంది కాబట్టి కుచ్చు కాస్త తగ్గుతుంది. నూలు చీరైతే ఎన్నో ఉతుకులు తిని ఉంటుంది, ఇక కుంచించుకుపోయేదేం ఉండదు. కొత్త నూలు బట్ట కొంటే మాత్రం రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, ఆరేసి, ఆ తర్వాతే దర్జీకి ఇవ్వండి. పూల డిజైను పెద్దదైతే ముక్కల మధ్య పువ్వులు కలవడానికి అదనంగా బట్ట కావాలి, అది దర్జీతో ముందే మాట్లాడాలి.

రింగుల కర్టెన్ కుట్టిస్తే రింగుల సంఖ్య సరి సంఖ్యలో ఉండాలని చెప్పండి. ఎనిమిదో, పదో. బేసి అయితే ఒక పక్క అంచు గోడ వైపు, ఇంకో పక్క అంచు గదిలోకి తిరిగి ఉంటుంది. నేల దాకా దిగే కర్టెన్ నేలకు అర అంగుళం పైన ఆగాలి. రోజూ తడిగుడ్డ పెట్టే ఇళ్ళు మనవి.

7. బ్లైండ్లు ఎప్పుడు మేలు?

కిటికీ కింద చదువుకునే బల్లో, మంచమో ఆనుకుని ఉంటే, గోడ మీద పక్కకు జరగడానికి చోటు లేకపోతే బ్లైండ్ నయం. గొలుసు లాగితే బట్ట పైకి చుట్టుకునే రోలర్ బ్లైండ్ శుభ్రం చేయడం తేలిక. పలుచటి చారలూ దళసరి చారలూ పక్కపక్కన ఉండే జీబ్రా బ్లైండ్ చూడ్డానికి బాగుంటుంది, కానీ చారలు మూసినా వెలుగు కొంత వస్తుంది, పడకగదికి అదొక్కటే సరిపోదు. రోమన్ బ్లైండ్ అంటే మడతలుగా పైకి లేచే బట్ట, చేనేత బట్టతోనూ కుట్టించుకోవచ్చు, నా మొదటి ఓటు దానికే. నిలువు పట్టీల వర్టికల్ బ్లైండ్ ఆఫీసుల్లోనే ఉండనివ్వండి.

కిటికీ గూడు లోపల బిగించేదైతే వెడల్పు పైన, మధ్యన, కింద మూడు చోట్ల కొలిచి అన్నిటికన్నా తక్కువది ఇవ్వాలి. మన గోడలు ప్లాస్టరింగులో ఎంత వంకరో అప్పుడు తెలుస్తుంది. చీకటి కావాలంటే గూడు లోపల వద్దు, పక్కల సందుల్లోంచి వెలుగు కారుతుంది. గోడ మీద, చట్రం కన్నా పెద్దగా బిగించాలి.

ధర అడిగేటప్పుడు: చదరపు అడుగుకు ఎంత, చిన్న కిటికీకి కూడా కనీసం ఇన్ని చదరపు అడుగులని వేస్తారా, బిగింపు కలిపా విడిగానా, గొలుసు పాడైతే మారుస్తారా? కర్టెన్లకైతే బట్ట, అస్తరు, కుట్టుకూలి, రాడ్డు, బిగింపు విడివిడిగా రాయించుకోండి. రాడ్డూ బ్రాకెట్లూ కలిపితే ఒక్కోసారి బట్ట ధరను మించుతాయి.

పసిపిల్లలున్న ఇంట్లో వేలాడే తాళ్ళ బ్లైండ్ పెట్టకండి. ఇది తేలిగ్గా తీసుకునే విషయం కాదు. ఆ తాడు ఉచ్చు మెడకు పడి పిల్లలు చనిపోయిన సంఘటనల వల్లే అమెరికాలో 2018 డిసెంబరు నుంచి దుకాణాల్లో సిద్ధంగా అమ్మే బ్లైండ్లకు తాడు లేకుండా, లేదా అందకుండానో బాగా పొట్టిగానో ఉండేలా చేయాలన్న ప్రమాణం వచ్చింది. అక్కడ పాత అపార్టుమెంట్లలో అద్దెకుండే మనవాళ్ళు ముందు పాత తాళ్ళ సంగతి చూసుకోవాలి. ఇక్కడైతే తాడు లేనిది అడగండి. గొలుసు తప్పకపోతే గోడకు గట్టిగా బిగించే పట్టీ వేయించి, ఉయ్యాలను, మంచాన్ని దానికి దూరంగా జరపండి.

8. రాడ్డు, బిగింపు

అయిదడుగులు దాటిన రాడ్డుకి మధ్యలో మూడో బ్రాకెట్ ఉండాలి, లేకపోతే ఏడాదిలో విల్లులా వంగుతుంది. బ్లాకౌట్ బట్ట బరువుకి ఇంకా త్వరగా. రెండు వరసల కర్టెన్లకు జంట బ్రాకెట్ ముందే కొనండి, తర్వాత మార్చడమంటే గోడకు మళ్ళీ తూట్లే. సముద్రానికి దగ్గరి ఊళ్ళలో మామూలు ఇనప రాడ్డు తుప్పు పట్టి ఆ మరక బట్టకు అంటుతుంది, అల్యూమినియం గానీ చెక్క గానీ వాడండి. గోడలో డ్రిల్ చేసే చోట కరెంటు పైపు వెళ్తోందేమో చూసుకోండి, స్విచ్ బోర్డుకు సరిగ్గా పైన తూటు వేయించకండి. ఇల్లుగలాయన తూట్లకు ఒప్పుకోకపోతే గూడులో బిగుసుకునే స్ప్రింగు రాడ్డు దొరుకుతుంది. పలుచటి కర్టెన్‌కు అది చాలు, మందం బట్టను మొయ్యలేదు.

అన్నీ ఒకేసారి కొనలేకపోతే పడమటి కిటికీతో మొదలుపెట్టి, పడకగది, ఆపైన వీధి వైపు హాలు చేయండి. మిగతా వాటికి ఈలోగా పాత చీరలు కట్టండి. మా ఇంట్లో ఇలా తాత్కాలికంగా కట్టిన అమ్మ వెంకటగిరి చీర ఉత్తరపు గదిలో ఆరేళ్ళుగా అలాగే ఉంది. మెరూన్ కర్టెన్లు మాత్రం ఇప్పుడు అటక మీద పరుపులకు కప్పి ఉన్నాయి.